ఫాలో టెట్రాలజీ, తొమ్మిదో రోజు ఫిట్స్, క్యారియోటైప్ నార్మల్: ఇంకా జన్యు పరీక్ష అవసరమా?

ప్రశ్న: ఒంగోలు నాన్న

అందరికీ నమస్కారం. మా పాపకు ఈ రోజుతో 72 రోజులు నిండాయి. నెలలు నిండాకే, 2.6 కిలోల బరువుతో పుట్టింది. రెండో రోజున పిల్లల డాక్టరు గారు గుండె చప్పుడులో తేడా ఉందన్నారు. ఎకో తీయిస్తే టెట్రాలజీ ఆఫ్ ఫాలో (గుండెలో పుట్టుకతోనే నాలుగు లోపాలు కలిసి ఉండటం) అని, గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే బృహద్ధమని వంపు ఎడమకు కాక కుడికి తిరిగి ఉందని రాశారు. పాప ఇంతవరకు నీలం తిరగలేదు కాబట్టి ఆరో నెల దాటాక ఆపరేషన్ చేద్దామని, అంతవరకు బరువు పెరిగేలా చూసుకోమని కార్డియాలజిస్టు గారు చెప్పారు.

తొమ్మిదో రోజున పాపకు ఫిట్స్ వచ్చాయి. అప్పుడు మేము మా అత్తగారి ఊళ్లో ఉన్నందున అక్కడికి దగ్గరలోని వేరే ఆసుపత్రిలో చేర్చాము. రక్తంలో కాల్షియం 6.1 మాత్రమే ఉందని నరం ద్వారా కాల్షియం ఇచ్చి, నాలుగు రోజుల తరువాత మందు రాసి పంపారు. కారణం అడిగితే పసిపిల్లల్లో ఇది మామూలేనన్నారు. ఆ కాగితాలు ఆ ఫైల్లోనే ఉండిపోయాయి, గుండెకు సంబంధించినవి వేరే ఫైల్లో ఉన్నాయి. పాలు తాగేటప్పుడు కొంత ముక్కులోంచి వస్తుంది. ఒకసారి తాగించడానికి ముప్పావు గంట పడుతుంది.

మొదటి నెలలోనే క్యారియోటైప్ పరీక్ష చేయించాము. 46 క్రోమోజోములూ సరిగ్గా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. జన్యువుల విషయం అంతటితో ముగిసిందనుకున్నాము. అయితే గత వారం కొత్తగా చూసిన పిల్లల డాక్టరు గారు రెండు ఫైళ్లూ చదివి, జెనెటిక్స్ నిపుణులను కలిసి మైక్రోఅర్రే అనే మరో జన్యు పరీక్ష చేయించమన్నారు. ఒకసారి నార్మల్ వచ్చిన తరువాత మళ్లీ ఎందుకు? ఎలాగూ గుండెకు ఆపరేషన్ చేయాల్సిందే అయినప్పుడు, ఈ పరీక్ష ముందే జరగాలా, ఆపరేషన్ అయ్యాక నిదానంగా చేయించుకోవచ్చా? ఖర్చు మేమే పెట్టుకోవాలి కనుక అడుగుతున్నాను.

ఇంకొక మాట. నా భార్య మా మేనత్త కూతురు. మేనరికం వల్లే ఇలా జరిగిందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. గ్రహణం నాడు బయట తిరిగిందని మా నాయనమ్మ అంటోంది. నా భార్య ఎవరికీ బదులు చెప్పడం లేదు, భోజనం కూడా సరిగా చేయడం లేదు. ఈ సంగతి కూడా తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

జవాబు: పిల్లల వైద్యురాలు, విశాఖపట్నం

నమస్కారమండీ. పుట్టుకతో వచ్చే లోపాలున్న శిశువులను చూస్తూ నేను పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. పాపను చూడకుండా ఫలానా జబ్బు అని చెప్పడం తగదు. కానీ ఫాలో టెట్రాలజీ, కుడి వైపు వంపు, తొమ్మిదో రోజున కాల్షియం పడిపోయి ఫిట్స్ రావడం, ముక్కులోంచి పాలు రావడం అనే నాలుగు సంగతులను ఒకే కాగితం మీద రాసుకుని చూస్తే, ముందుగా గుర్తుకు రావలసిన పేరు 22క్యూ11.2 డిలీషన్ సిండ్రోమ్. పాత పుస్తకాల్లో దీనినే డైజార్జ్ సిండ్రోమ్ అన్నారు. మీ కొత్త డాక్టరు గారు రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చదవడం వల్లే ఈ అనుమానం వచ్చింది. వారి మాట వినండి.

ఈ నాలుగూ ఒకే బిడ్డలో ఎందుకు కలుస్తాయో చెబితే పరీక్ష ఎందుకో కూడా అర్థమవుతుంది. గర్భం తొలి వారాల్లో పిండం మెడ భాగంలో కమానుల్లాంటి చిన్న మడతలు ఏర్పడతాయి. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనుల వంపు, కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు, రోగనిరోధక కణాలకు శిక్షణనిచ్చే థైమస్ గ్రంథి ఈ మడతల నుంచే రూపుదిద్దుకుంటాయి. అంగిలి, గొంతు కండరాల నిర్మాణంలోనూ వీటికి పాత్ర ఉంది. 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపిస్తే, అందులో ఉండే టీబీఎక్స్1 అనే జన్యువు ఒక ప్రతి తగ్గి, ఈ మడతల పని దెబ్బతింటుంది. అందుకే గుండె డాక్టరు గారికి గుండె లోపంగా, ఫిట్స్ చూసిన డాక్టరు గారికి కాల్షియం లోపంగా, తల్లికి పాలు ముక్కులోంచి రావడంగా కనిపించేవన్నీ ఒకే మూలం నుంచి పుట్టి ఉండవచ్చు.

ఈ జబ్బు చరిత్రలో కూడా ఇదే జరిగింది. 1965లో ఫిలడెల్ఫియాలో ఏంజెలో డైజార్జ్ అనే హార్మోన్ల వైద్యుడు థైమస్, పారాథైరాయిడ్ లేని శిశువులను గురించి చెప్పారు. 1978లో రాబర్ట్ ష్ప్రింట్‌జెన్ అంగిలి, మాట, గుండె, ముఖం లక్షణాలు కలిసిన పిల్లలను గురించి వేరే పేరుతో రాశారు. జపాను వైద్యులు గుండె నుంచి బయలుదేరే ధమనుల లోపంతో పాటు ఒక ప్రత్యేకమైన ముఖకవళిక ఉన్న పిల్లలను మూడో పేరుతో గుర్తించారు. ఈ పిల్లల్లో అత్యధికులకు 22వ క్రోమోజోములో లోపించినది ఒకే ముక్క అని 1990ల తొలి సంవత్సరాల్లో గాని తేలలేదు. ఎవరు ఏ అవయవం చూస్తే దానికే పేరు పెట్టారు. మీ పాప విషయంలోనూ కాల్షియం ఒక ఆసుపత్రిలో, గుండె ఇంకొక ఆసుపత్రిలో ఉండిపోయాయి. తల్లి పాలు తాగే, నెలలు నిండిన బిడ్డకు మూడు రోజులు దాటాక కాల్షియం పడిపోతే, దానికి కారణం వెతకాలి. మన ప్రాంతంలో తల్లికి విటమిన్ డి లోపం ఎక్కువ కనుక దానినీ చూడాలి, కానీ దానితో ఆగకూడదు. గుండె లోపమున్న బిడ్డ అని ఆ ఆసుపత్రి వారికి తెలిసి ఉంటే ఆ రోజే పారాథైరాయిడ్ హార్మోను పరీక్షకు రక్తం పంపి ఉండేవారేమో. ఇది తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇలాంటి బిడ్డలను ఆరో ఏట, మాట సరిగా రాలేదని తీసుకొచ్చినప్పుడు మొదటిసారి గుర్తించిన సందర్భాలు నా అనుభవంలోనే ఉన్నాయి.

ఈ డిలీషన్ సుమారు 4,000 జననాలకు ఒకరిలో కనిపిస్తుందని లెక్క. ఫాలో టెట్రాలజీ ఉన్న పిల్లల్లో వందకు 10 నుంచి 15 మందిలో ఇది ఉంటుంది. వంపు కుడికి తిరిగి ఉంటే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. బృహద్ధమని వంపు మధ్యలో తెగిపోయే లోపంలో బి రకమైతే దాదాపు సగం మందిలో ఉంటుంది. ముఖం చూసి పోల్చుకోవడం పసితనంలో కష్టం. పాఠ్యపుస్తకాల్లోని ఫోటోలు చాలావరకు ఐరోపా సంతతి పిల్లలవి కావడం వల్ల మన పిల్లల ముఖాల్లో ఆ గుర్తులు ఇంకా సులువుగా తప్పిపోతాయి. కాబట్టి 'ముఖం బాగానే ఉంది కదా' అని ఎవరైనా అంటే దానిని బట్టి పరీక్ష మానుకోవద్దు.

ఇక ముందా, తరువాతా అన్నది అసలు ప్రశ్న. ముందే జరగాలని నేను గట్టిగా చెబుతాను. పరీక్ష ఫలితం ఏదైనా ఆపరేషన్ అవసరం మారదు, ఆపరేషన్ చేసే తీరు మారుతుంది. ఆపరేషన్‌లో ఎక్కించే రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలుపుతారు. అది ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. పారాథైరాయిడ్ బలహీనంగా ఉన్న బిడ్డకు ఆ సమయంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోయి గుండె కొట్టుకోవడమే దెబ్బతినవచ్చు. ముందు తెలిస్తే మత్తు డాక్టరు గారు అయనైజ్డ్ కాల్షియాన్ని (రక్తంలో దేనికీ అతుక్కోకుండా ఉండి పనిచేసే కాల్షియాన్ని) మాటిమాటికీ చూసుకుంటూ సరిచేస్తారు. రెండవది రక్తమే. థైమస్ లోపించి, అక్కడ శిక్షణ పొందే రోగనిరోధక కణాలైన టీ కణాలు బాగా తక్కువగా ఉన్న బిడ్డకు మామూలు రక్తం ఎక్కిస్తే, ఆ రక్తంలోని దాత కణాలు బిడ్డ శరీరం మీదే దాడి చేసే అవకాశం ఉంది. ఇది అరుదు, కానీ వస్తే ప్రాణాంతకం. దానిని నివారించడానికి రక్తాన్ని ముందుగా రేడియేషన్‌కు గురిచేసి ఇస్తారు. ఆ సౌకర్యం అన్ని బ్లడ్ బ్యాంకుల్లోనూ ఉండదు కనుక ఆపరేషన్ తేదీకి చాలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. మూడవది, గుండె ఆపరేషన్‌లో దారికి అడ్డుగా ఉండే థైమస్‌ను చాలాసార్లు కొంతవరకైనా తీసివేస్తారు. ఆ తరువాత టీ కణాలు లెక్కిస్తే, తగ్గింది జబ్బు వల్లా ఆపరేషన్ వల్లా అన్నది తేల్చడం కష్టం. గొంతులో పొర అడ్డుండటం, చేతికి వెళ్లే ధమని అసాధారణ దారిలో పోవడం వంటివి కూడా ఈ పిల్లల్లో ఎక్కువ కాబట్టి, మత్తు డాక్టరు గారికీ సర్జను గారికీ ముందుగా తెలియడం మంచిది.

మేనరికం గురించి అడిగారు. ఈ డిలీషన్ వందలో 90 మందిలో కొత్తగా ఏర్పడినదే, తల్లికీ తండ్రికీ ఉండదు. అండం గాని వీర్యకణం గాని తయారయ్యేటప్పుడు 22వ క్రోమోజోములో ఒకేలా ఉండే భాగాలు పొరపాటున జతపడి, మధ్యలోని ముక్క జారిపోవడం వల్ల ఇది జరుగుతుంది. అంటే గర్భం రాకముందే జరిగిపోయింది. గర్భంతో ఉండగా మీ భార్య గారు ఏం తిన్నారు, ఎప్పుడు బయటకు వచ్చారు, గ్రహణం పట్టిందా విడిచిందా అన్నదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మేనరికం వల్ల పెరిగేవి తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం వస్తే గాని బయటపడని జబ్బులు. గుండె విషయంలో దానికి ఉదాహరణ ఎల్లిస్ వాన్ క్రీవెల్డ్ సిండ్రోమ్: చేతికి ఆరో వేలు, పొట్టి కాళ్లు చేతులు, గుండె పై గదుల మధ్య గోడ లేకపోవడం కలిసి కనిపిస్తాయి. మీరు చెప్పిన చిత్రం అది కాదు. డిలీషన్ అనే తేలితే దయచేసి ఈ పేరాను మీ నాయనమ్మ గారికి చదివి వినిపించండి. భార్య గారి ఆరోగ్యం కూడా చూసుకోండి. బాలింతలో తిండి తగ్గి, మాట తగ్గితే అది కూడా డాక్టరుకు చెప్పవలసిన సంగతే.

జవాబు: సైటోజెనెటిక్స్ ల్యాబులో పనిచేస్తున్నాను, హైదరాబాదు

డాక్టరమ్మ గారు చెప్పినదానికి ల్యాబు వైపు నుంచి కొంత చేరుస్తాను, ఎందుకంటే 'క్యారియోటైప్ నార్మల్' అన్న మాటను నమ్మి ఆగిపోయిన కుటుంబాలను ప్రతి నెలా చూస్తున్నాను.

క్యారియోటైప్‌లో క్రోమోజోములకు రంగు పట్టించి మైక్రోస్కోపు కింద చారలు లెక్కిస్తాము. 21వ క్రోమోజోము మూడు ఉన్న డౌన్ సిండ్రోమ్, ఒక ఎక్స్ తక్కువైన టర్నర్ సిండ్రోమ్, 18 లేదా 13 మూడేసి ఉన్న పిల్లలు దీనిలో తేలుతారు. కానీ ఒక ముక్క పోతే అది మా కంటికి ఆనాలంటే సుమారు 50 లక్షల నుంచి కోటి డీఎన్ఏ అక్షరాల పొడవైనా ఉండాలి. 22క్యూ డిలీషన్‌లో సాధారణంగా పోయేది 30 లక్షల అక్షరాల ముక్క. అందులో నలభైకి పైగా జన్యువులు ఉంటాయి, అయినా మైక్రోస్కోపుకు అది దాదాపుగా కనిపించదు. మీ రిపోర్టు తప్పు కాదు. అది ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల పరీక్షే కాదు.

మీకు ఒక మంచి అవకాశం ఉండవచ్చు. క్యారియోటైప్ చేసిన ల్యాబులు మిగిలిన కణాలను ద్రావకంలో భద్రపరిచి కొన్నాళ్లు ఉంచుతాయి. ఆ కణాల మీదే ఫిష్ పరీక్ష చేయవచ్చు. వెంటనే ఆ ల్యాబుకు ఫోన్ చేసి, పాప శాంపిల్ నంబరు చెప్పి, కణాలు ఉన్నాయా అని అడగండి. ఉంటే మళ్లీ సూది గుచ్చే పని లేకుండా, మైక్రోఅర్రే కంటే తక్కువ ఖర్చుతో కొద్ది రోజుల్లోనే జవాబు వస్తుంది. ఆ భాగానికి అతుక్కునే మెరిసే రంగు చుక్కను వేస్తాము. మామూలు కణంలో రెండు చుక్కలు కనిపించాలి, డిలీషన్ ఉంటే ఒకటే కనిపిస్తుంది.

అయితే ఫిష్‌కూ హద్దు ఉంది. మేము వేసే చుక్క ఆ భాగంలో ఒక చోటే అతుక్కుంటుంది. ఆ చోటు మిగిలి, దాని పక్కనున్న ముక్క మాత్రమే పోయిన చిన్న డిలీషన్లు కొద్దిమందిలో ఉంటాయి. వారికి ఫిష్ నార్మల్ అనే వస్తుంది. ఎమ్‌ఎల్‌పీఏ అనే పరీక్ష ఆ ప్రాంతమంతా పలుచోట్ల కొలుస్తుంది కనుక వాటినీ పట్టుకుంటుంది. మైక్రోఅర్రే అయితే మొత్తం క్రోమోజోములన్నిటిలో ఎక్కడ ముక్క తక్కువైనా, ఎక్కువైనా చూపిస్తుంది, ఎంత పోయిందో కొలతతో చెబుతుంది. మీ పాపలో అనుమానం ఇంత సూటిగా ఉంది కాబట్టి ముందు ఫిష్ లేదా ఎమ్‌ఎల్‌పీఏ చేసి, అది నార్మల్ అయితే మైక్రోఅర్రేకు వెళ్లడం సబబే. ఖర్చు భరించగలిగితే నేరుగా మైక్రోఅర్రే చేయించడమూ తప్పు కాదు. అనుమానం ఏదో ఒక వైపు మొగ్గని పిల్లల్లో మాత్రం మైక్రోఅర్రేతోనే మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం.

రక్తం మళ్లీ ఇవ్వాల్సి వస్తే, పాపకు ఎవరి రక్తమూ ఎక్కించకముందే ఇవ్వండి. దాత కణాలు కలిసిన శాంపిల్ మమ్మల్ని తప్పుదోవ పట్టించవచ్చు. ఆపరేషన్ అయ్యాక చూద్దామన్న ఆలోచన మానుకోవడానికి ఇది ఇంకొక కారణం. డీఎన్ఏ పరీక్షకు ఊదా మూత గొట్టం, కణాలు పెంచాల్సిన పరీక్షకు ఆకుపచ్చ మూత గొట్టం వాడతారు. దూరం నుంచి పంపేవారు ఇది తారుమారు చేసి వారం రోజులు పోగొట్టుకోవడం నేను చూశాను. హైదరాబాదులో పంజాగుట్ట నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగం, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ ఈ రంగంలో పనిచేసే ప్రభుత్వ సంస్థలు. మీ డాక్టరు గారి ఉత్తరంతో వెళ్లండి. ఆ ఉత్తరంలో ఎకో వివరాలతో పాటు కాల్షియం సంగతి, పాలు ముక్కులోంచి రావడం తప్పక రాయించుకోండి. ఏ అనుమానంతో పంపారో తెలియని శాంపిల్‌ను చదవడం మాకు చాలా కష్టం.

జవాబు: కరీంనగర్ అమ్మ

అన్నయ్య గారూ, మా బాబు కథ మీది కాదు గాని, ఇది చదివే మరో తల్లికి పనికొస్తుందని రాస్తున్నాను. మా బాబుకు ఊపిరితిత్తులకు వెళ్లే ధమని కవాటం మందంగా, సరిగా తెరుచుకోకుండా ఉండేది. బెలూన్‌తో వెడల్పు చేసినా పూర్తిగా ఫలితం రాలేదు. క్యారియోటైప్ నార్మల్, మైక్రోఅర్రే కూడా నార్మల్ వచ్చాయి. ఇక జన్యువుల్లో ఏమీ లేదని మేము నిశ్చింతగా ఉన్నాము. రెండేళ్ల తరువాత ఒక జెనెటిక్స్ డాక్టరు గారు బాబును కాదు, ముందు మా ఆయనను తేరిపార చూశారు. ఆయన పొట్టిగా ఉంటారు, రొమ్ము ఎముక లోపలికి నొక్కినట్టు ఉంటుంది, మెడ వెడల్పు. చిన్నప్పుడు పన్ను పీకితే రక్తం ఆగలేదని మా అత్తమ్మ అప్పుడే చెప్పింది. జన్యువుల్లోని అక్షరాలను ఒక్కొక్కటిగా చదివే ఎక్సోమ్ పరీక్ష చేస్తే తండ్రీకొడుకులిద్దరిలోనూ పీటీపీఎన్11 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి ఉందని, అది నూనన్ సిండ్రోమ్ అని తేలింది.

మైక్రోఅర్రే పోయిన పేజీలను పట్టుకుంటుంది గాని, పేజీలో ఒక అక్షరం తప్పు పడితే దానికి కనిపించదని ఆ డాక్టరు గారు మాకు చెప్పారు. మాకు ఆ ముక్కతో అంతా అర్థమైంది. ఈ జబ్బులో రక్తం గడ్డకట్టే గుణం తగ్గవచ్చని తెలిశాక, రెండోసారి ఆపరేషన్‌కు ముందు ఆ పరీక్షలు చేయించాము. గుండె కండరం మందమవుతోందేమో అని ఇప్పుడు ఏటా ఎకో తీస్తున్నారు. మా ఆయనకు ముప్పై ఆరేళ్ల వయసులో మొదటిసారి గుండె పరీక్ష జరిగింది.

ఒక తల్లిగా ఇంకొకటి చెబుతాను. పేరు తెలిసిన రాత్రి ఫోన్‌లో కనిపించిందల్లా చదవకండి. అక్కడ రాసేవన్నీ ప్రతి బిడ్డకూ రావు. మీ భార్యకు నా తరఫున చెప్పండి, నేనూ నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒంగోలు నాన్న

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ల్యాబుకు ఫోన్ చేశాను, కణాలు భద్రంగా ఉన్నాయన్నారు. ఫిష్‌కు డబ్బు కట్టాను. రెండు సందేహాలు మిగిలాయి. ఫిట్స్ గొడవలో ఆరో వారం టీకాలు వేయించలేదు, ఇప్పుడు వేయించవచ్చా? పుట్టగానే బీసీజీ వేశారు, దానివల్ల ఏమైనా ప్రమాదమా? ఇంకొకటి, ఇది ఉందని తేలితే పాప భవిష్యత్తు ఎలా ఉంటుంది? దాచకుండా చెప్పండి.

జవాబు: పిల్లల వైద్యురాలు, విశాఖపట్నం

టీకాలన్నీ ఆపేయడం పొరపాటు. పెంటావాలెంట్, న్యుమోకోకల్, సూదిమందు పోలియో టీకాలలో బతికి ఉన్న క్రిములు ఉండవు. వాటిని ఆలస్యం చేయకుండా వేయించండి, గుండె లోపమున్న బిడ్డకు కోరింత దగ్గు, న్యుమోనియా మరీ ప్రమాదం. నోట్లో వేసే రోటావైరస్, పోలియో చుక్కలు బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసినవి. టీ కణాల లెక్క వచ్చేదాకా వాటిని ఆపమని మీ డాక్టరు గారు చెప్పవచ్చు. తొమ్మిదో నెల తట్టు, రుబెల్లా టీకా విషయమూ ఆ లెక్కను బట్టే తేలుతుంది. బీసీజీ కూడా సజీవ క్రిములతో చేసినదే, కానీ అది ఇప్పటికే వేసేశారు కాబట్టి ఇప్పుడు చేయగలిగింది గమనించడమే. టీకా వేసిన చోట పుండు పెరుగుతున్నా, చంకలో గడ్డ కట్టినా, జ్వరం విడవకపోయినా చూపించండి. థైమస్ పూర్తిగా లేని పిల్లలు ఈ సిండ్రోమ్‌లో వందకు ఒకరు కూడా ఉండరు. ఎక్కువ మందిలో టీ కణాలు కొంత తక్కువగా ఉండి, వయసుతో పాటు మెరుగవుతాయి.

భవిష్యత్తు గురించి దాచకుండా అడిగారు కనుక అలాగే చెబుతాను. గుండె ఆపరేషన్ బాగా జరిగితే చాలామంది పిల్లలు పెద్దవారవుతారు. మాట ఆలస్యంగా వస్తుంది. వచ్చినా ముక్కుతో పలికినట్టు ఉండవచ్చు, ఎందుకంటే అంగిలి వెనుక భాగం గొంతును పూర్తిగా మూయదు. అంగిలి పైకి బాగానే కనిపించి, లోపల కండరం చీలి ఉండటం ఈ పిల్లల్లో మామూలు. కాబట్టి టార్చి వేసి కొండనాలుక రెండుగా చీలి ఉందేమో చూడమని, వేలితో అంగిలిని తడిమి చూడమని అడగండి. తొలి ఏడాదిలోనే మాటకు సంబంధించిన థెరపిస్టును కలవడం మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. చదువులో, ముఖ్యంగా లెక్కల్లో, అదనపు సాయం చాలామందికి కావాలి. యవ్వనంలో నలుగురిలో ఒకరికి తీవ్రమైన మానసిక జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ముందే తెలిసిన కుటుంబం తొలి మార్పులను గుర్తించి వైద్యానికి తీసుకెళ్లగలదు కనుక దీనినీ చెబుతున్నాను. కాల్షియం ఇప్పుడు సర్దుకున్నా, ఆపరేషన్ సమయంలో, పెద్ద జ్వరం వచ్చినప్పుడు, యుక్తవయసులో, తరువాత గర్భం దాల్చినప్పుడు మళ్లీ పడిపోవచ్చు. ఈ మాట పాప ఫైలు మొదటి పేజీలో ఉండాలి.

డిలీషన్ ఉందని తేలితే మీ ఇద్దరికీ కూడా పరీక్ష చేస్తారు. ఎవరికీ లేకపోతే తరువాతి బిడ్డకు వచ్చే అవకాశం వందకు ఒకటి మాత్రమే. మీలో ఒకరికి స్వల్ప లక్షణాలతో ఉందని తేలితే అది ప్రతి గర్భంలోనూ సగానికి సగం. అప్పుడు పదకొండో వారం దాటాక మాయ నుంచి గాని, పదహారో వారం దాటాక ఉమ్మనీటి నుంచి గాని శాంపిల్ తీసి చూసుకోవచ్చు.

ఇతర గుండె లోపాలతో ఇక్కడికి వచ్చేవారి కోసం ఒక్క మాట. ప్రతి బిడ్డకూ 22క్యూ పరీక్షే కావాలని నేను అనడం లేదు. బృహద్ధమని కవాటానికి పైన ఇరుకుగా ఉండి, కాల్షియం తక్కువ కాక ఎక్కువగా ఉంటే అది విలియమ్స్ సిండ్రోమ్ కావచ్చు. ఆ పిల్లలకు మత్తు ఇచ్చేటప్పుడు గుండె హఠాత్తుగా ఆగే ప్రమాదం ఉంది. ఊపిరితిత్తుల ధమని శాఖలు ఇరుకై, కామెర్లు తగ్గకుండా ఉంటే అలాజిల్ సిండ్రోమ్ గుర్తుకు రావాలి. గుండె పై గదుల మధ్య రంధ్రంతో పాటు బొటనవేలు తేడాగా ఉంటే హోల్ట్ ఓరామ్ సిండ్రోమ్, ఆడపిల్లకు బృహద్ధమని నొక్కుకుపోయి ఉంటే టర్నర్ వైపు చూడాలి. గుండె కండరం మందమై, బిడ్డ ఒళ్లు బొత్తిగా వడలిపోయి ఉంటే పోంపే జబ్బును ఆ రోజే అనుమానించాలి. దానికి ఎంజైము మందు ఉంది, ఆలస్యమైన ప్రతి వారానికీ విలువ ఉంది. గుండెతో పాటు బిడ్డలో ఇంకేమి తేడాగా ఉందన్నదే పరీక్షను ఎంచుతుంది.

ఒంగోలు నాన్న (ఐదు వారాల తరువాత)

ఫిష్‌లో ఒకటే చుక్క కనిపించింది. పాపకు 22క్యూ11.2 డిలీషన్ ఉంది. పారాథైరాయిడ్ హార్మోను తక్కువగా ఉండటంతో కాల్షియం, విటమిన్ డి మందు మోతాదులు మార్చారు. టీ కణాలు వయసుకు ఉండాల్సిన దానికంటే తక్కువే గాని మరీ ప్రమాదకరంగా లేవన్నారు, అయినా ఆపరేషన్‌కు రేడియేషన్ చేసిన రక్తమే వాడతామని సర్జను గారు ఫైల్లో రాశారు. టార్చి వేసి చూస్తే కొండనాలుక నిజంగానే రెండుగా చీలి ఉంది. మూడు నెలలుగా రోజూ ఆ నోట్లో పాలు పోస్తున్నా మాకు కనిపించలేదు.

మా ఇద్దరి పరీక్షలూ నార్మల్ వచ్చాయి. ఆ రిపోర్టు వచ్చిన సాయంత్రం డాక్టరమ్మ గారి పేరాను మా నాయనమ్మకు చదివి వినిపించాను. మొదట ఒప్పుకోలేదు, అండంలోనే జరిగిపోయిందా అని రెండుసార్లు అడిగింది. నా భార్య వంటగదిలోంచి వచ్చి, మూడోసారి తనే చెప్పింది.

ఫిట్స్ వచ్చినప్పటి డిశ్చార్జి సమ్మరీని, ఎకో రిపోర్టును, ఫిష్ రిపోర్టును ఒకే ఫైల్లో పెట్టి, మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో కాల్షియం సంగతి, రక్తం సంగతి రాశాను. ఈ సోమవారం మళ్లీ కాల్షియం పరీక్ష ఉంది.